గొట్టానికి భుజం ఉండదు

"సెలక్షన్‌కి ఈసారి కమిషన్ వేశారట బావా!"

క్యాంటీన్ వంటాయన ఫోన్ చేసి అన్న మాట ఇదే. కనీసం బోగీ మాస్టారి చెవిలో పడ్డది ఇదే. ఆ సమయానికి ఆయన ఒక చెవికి ఫోను, రెండో చెవికి ఏడున్నర హార్స్‌పవర్ పంపు ఆనించుకుని ఉన్నాడు. బేరింగు అరిగిందో లేదో చెవితో కనిపెట్టడం ఆయన వృత్తి. సాయంత్రాలు క్లబ్బు గదిలో పిల్లలకు టేబుల్ టెన్నిస్ నేర్పడం ప్రవృత్తి. కోపం రావడం ప్రకృతి. ఆయన తన చొక్కా మీద 'కోచ్' అని కుట్టించుకున్న మొదటి రోజునే వంటాయన "కోచ్ అంటే రైలుపెట్టె కదా, ఏ బండికి తగిలిస్తారు మిమ్మల్ని?" అని అడిగాడు. అప్పటినుంచి అసలు పేరు పట్టాలు తప్పింది, బోగీ నిలిచిపోయింది.

కమిషన్ అనగానే మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. పోయినేడు సెలక్షన్లో జరిగిన అన్యాయం మీద ఆయన పదకొండు ఉత్తరాలు రాశాడు. ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు ఏకంగా విచారణ కమిషన్! భోజనం డబ్బా మూత కూడా తీయకుండా, పంపు పెట్టె మీదే కాగితాలు పరుచుకుని మూడు పేజీల వాంగ్మూలం రాశాడు. గ్రీజు వేలిముద్రలు సాక్షి సంతకాల్లా అంచుల వెంట పడ్డాయి. పట్టుకెళ్లి క్రీడా కార్యాలయంలో క్లర్కు ముందు పెట్టాడు.

క్లర్కు మూడు పేజీలూ తిరగేశాడు. "ఏ కమిషన్ మాస్టారూ?"

"సెలక్షన్ మీద వేసిన కమిషన్."

"కమిషన్ కాదండీ, మిషన్. బంతులు విసిరే మిషన్. ఇకనుంచి సెలక్షన్ దాంతోనే." కాగితాలు మడిచి జాలిగా తిరిగి చేతిలో పెట్టాడు. "దానికి చదవడం రాదు."

*

క్రీడా హాస్టల్లో అమ్మాయిలకు ఉన్నది ఒక్కటే సీటు. తిండి, బడి, రోజుకు రెండు పూటలా ఆట. వయసు పదిహేడు దాటకూడదు. బోగీ మాస్టారి గదిలో ఆడే దోమకు వచ్చే నెలలో పదిహేడు నిండుతాయి. చొక్కాల ఫ్యాక్టరీలో వాళ్లమ్మ కుట్టుమిషన్ పక్కన ఒక స్టూలు అప్పుడే ఖాళీ చేసి పెట్టారు. సీటు రాకపోతే ఆ స్టూలే.

దోమ అన్న పేరు ఊరికే పెట్టలేదు. సన్నగా ఉంటుంది, ఎక్కడో ఉన్నట్టుంటుంది, బంతి వచ్చేసరికి అక్కడే ఉంటుంది. రెండు చేతులా చప్పట్లు కొట్టినా దొరకదు.

సోమవారం పరీక్షకు నలభై మంది అమ్మాయిలు వచ్చారు. హాలు మధ్యలో ఒక్కటే బల్ల. అవతలి అంచుకు బిగించిన తెల్ల డబ్బా, దాని మూతికి గొట్టం, వెనక నూనె గుడ్డ భుజాన వేసుకుని ఒక మెకానిక్. సెకనున్నరకొక బంతి, మనిషికి వంద బంతులు. బల్ల మీద గీసిన గళ్లలో తిరుగు బంతి పడితే మార్కు. పడిందో లేదో పైనుంచి కెమెరా చూస్తుంది. పక్కన చెక్క అడ్డు వెనక ల్యాప్‌టాప్ పెట్టుకుని శిక్షణ డైరెక్టర్ కూర్చున్నాడు. ఆయన పక్కన మోకాలికి పట్టీ కట్టుకున్న తెల్లజుట్టు ఆవిడ, ఎంపిక సంఘం అధ్యక్షురాలు. ఒకప్పుడు పెద్ద క్రీడాకారిణి అని చెప్పుకుంటారు. ఇప్పుడు ఎవరూ ఏమీ అడగరు కాబట్టి ఆవిడా ఏమీ చెప్పదు.

దోమ బల్ల ముందు నిలబడింది. బోగీ మాస్టారు అద్దం తలుపు అవతల నిలబడ్డాడు.

టక్. మొదటి బంతి ఆమె చెయ్యి కదిలేలోపే దాటిపోయింది.

టక్. రెండోది బ్యాటు అంచుకు తగిలి కప్పుకేసి ఎగిరింది.

మాస్టారు బంతిని చూడడం మానేసి పిల్ల కళ్లను చూశాడు. ఆ కళ్లు గొట్టం మీద లేవు. గొట్టానికి మూరెడు పైన, మనిషే ఉంటే భుజం ఉండాల్సిన చోట వెతుకుతున్నాయి. అక్కడ భుజం లేదు. మణికట్టు లేదు, బ్యాటు వాలు లేదు, కాలు మార్చడం లేదు, ఊపిరి బిగపట్టడం లేదు. బంతి ఎటు వస్తుందో ముందే చెప్పే చాడీకోరు అవయవం ఒక్కటీ లేదు. ఉన్నది గోడ. గోడను చదవడం ఆ పిల్లకు ఎవరు నేర్పారు?

వందకు ముప్ఫై ఎనిమిది.

మొదటి అయిదు స్థానాలూ అకాడమీ అమ్మాయిలవి. వాళ్ల అకాడమీలో అచ్చంగా ఇలాంటి మిషనే ఉంది, రోజూ దాంతోనే సాధన. తెల్ల బూట్ల అమ్మాయికి ఎనభై నాలుగు. మిగతా ముప్ఫై అయిదుగురూ మిషన్ ముఖం చూడడం అదే మొదటిసారి. వాళ్లలో మిగతావాళ్లంతా దోమకన్నా అధ్వాన్నంగా ఆడారు. ఆ పుణ్యాన దోమ ఆరోది. శుక్రవారం జరిగే తుది పరీక్షకు ఆరుగురిని పిలుస్తారు. సోమవారం మార్కులు కలపరు. శుక్రవారానిదే లెక్క.

"వెంట్రుకవాసిలో వచ్చింది మీ అమ్మాయి," అన్నాడు డైరెక్టర్, మాస్టారు లోపలికి దూసుకురాగానే. "రియాక్షన్ చాలా స్లో. మోచేయి చూశారా? మోచేయి ఎలా ఉండాలో చూపే ఆ గోడ మీది బొమ్మకీ దానికీ పోలికే లేదు. మీరు అసలు డ్రిల్సు చేయించరట కదా, ఊరికే ఆడిస్తారట?"

"స్లోనా? సార్, దాన్ని మనిషితో ఆడించి చూడండి. ఈ అయిదుగురిలో ఎవరితోనైనా సరే."

"కుదరదండీ. ఎదుట మనిషి ఉంటే కొలత కలుషితం అవుతుంది. ఎదుటివాళ్లు బాగా ఆడితే ఈమె మార్కు తగ్గుతుంది, చెత్తగా ఆడితే పెరుగుతుంది. మాకు కావాల్సింది శుద్ధమైన నైపుణ్యం."

"ఎదుటివాడు లేకుండా ఆటేమిటి సార్? ఎదుటివాడు లేకపోతే పోట్లాటయినా ఉంటుందా? ఇప్పుడు మీరు లేకపోతే నేనెవరి మీద అరవాలి?"

"మిషన్ అందరికీ సమానం."

"సమానమా! అయిదుగురికి రోజూ అన్నం పెట్టే అమ్మ, ముప్ఫై అయిదుగురికి దారిన పోయే దానయ్య. ఇదా సమానం? మీ కొలతల వల్ల కలతలే తప్ప..."

"మాస్టారూ," అన్నాడు డైరెక్టర్ ల్యాప్‌టాప్ మూస్తూ, "శుక్రవారం కోచ్‌లందరూ వరండాలోనే ఉండాలి. అద్దానికి కాగితం అంటిస్తాం. మీరు అరిస్తే పిల్లల ఏకాగ్రత దెబ్బతింటుంది."

లెక్కపెట్టేవాళ్లకు మనుషులంటే లెక్కుండదు. ఆ మాట మాస్టారికి వరండా మెట్ల మీద తట్టింది, ఎవరూ వినడానికి లేనప్పుడు. తెల్లజుట్టు ఆవిడ మెట్ల పక్కనే మోకాలు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన వైపు ఒకసారి చూసింది. 

*

బోగీ మాస్టారి క్లబ్బు గదిని చూసినవాళ్లు అది ఆట గది అంటే నమ్మరు. రెండే బల్లలు. ఒకదాని పక్కన రెండడుగుల్లో స్తంభం. ఇంకోదాని మీద ఎగ్జాస్టు ఫ్యాను గాలి ఏటవాలుగా కొడుతుంది. మాస్టారు వాటిని శత్రువుల్లా చూడలేదు, సహాయకుల్లా చూశాడు. చెయ్యి మరీ బారుగా చాచే పిల్లను స్తంభం పక్కన ఆడించేవాడు. మూడో రోజుకు చెయ్యి దానంతటదే దగ్గరికి వచ్చేది. బంతిని గాల్లోకి లేపేవాళ్లకు నెట్టు మీద జానెడు ఎత్తున దారం కట్టి, దాని కిందనుంచే ఆడమనేవాడు. గెలిచినవాళ్లకు సగం బల్ల, ఓడినవాళ్లకు మొత్తం బల్ల. బల్ల కాలు కింద ఒక రోజు ఇటుక, ఒక రోజు లేదు. మోచేయి ఇలా పెట్టు అన్న మాట ఆ గదిలో వినబడదు. మోచేయి సంగతి మోచేతికి తెలుసు, దానికో చిక్కు చూపిస్తే చాలు, విప్పుకుంటుంది అనేవాడు. 'నేర్పు నేర్పితే రాదు' అన్నది ఆయన సొంత సామెత. "అయితే మీకు పనేమిటి?" అని అడిగితే "ఇటుకలు మోయడం" అనేవాడు.

అలాంటి మనిషి మంగళవారం పొద్దున పంపుల వర్క్‌షాపు తుక్కులోంచి గాలి ఊదే పాత బ్లోయరు ఒకటి లాగాడు. బంతి దూరేంత ప్లాస్టిక్ గొట్టం ఒక మీటరు కోశాడు. రేకుతో గరాటా చేశాడు. బిగుసుకుపోయిన బేరింగు మార్చేటప్పుడు కూడా ఇంత పళ్లు కొరకలేదు. సాయంత్రానికి క్లబ్బు గదిలో బల్ల అంచుకు బిగించాడు. ఇటుకలు తీసేశాడు. దారం తెంపేశాడు. ఫ్యాను ఆపేశాడు. మిగతా పిల్లల్ని శనివారం రమ్మని పంపేశాడు.

దోమ గొట్టం వంక చూసింది. "ఏ గొట్టంగాడు కనిపెట్టాడు మాస్టారూ దీన్ని?"

"నేనే."

దోమ నాలుక కరుచుకుంది. మాస్టారు నవ్వలేదు. ఆయన నవ్వకపోవడం ఆ గదిలో కొత్త. ఆ తర్వాత జరిగింది ఇంకా కొత్త. ఆయన వచ్చి ఆ పిల్ల మోచేయి పట్టుకున్నాడు. సెలక్షన్ హాలు గోడ మీది బొమ్మలో ఉన్న కోణానికి తిప్పాడు.

"ఇలా. కదలకు. అటూ ఇటూ చూడకు. గొట్టం మూతి ఒక్కటే చూడు."

"మనిషెవరూ లేకపోతే బంతి ఎటొస్తుందో..."

"ఎటో రాదు. అక్కడికే వస్తుంది. వందసార్లు అక్కడికే వస్తుంది. నువ్వు తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. కొట్టు."

మంగళవారం నలభై ఆరు. బుధవారం అరవై ఒకటి. గోడకు సుద్దముక్కతో రాశాడు. పిల్ల మణికట్టు వాచింది. గుడ్డ చుట్టుకుని వచ్చింది. "నొప్పా?" అని అడిగి, జవాబు వినకుండానే బ్లోయరు స్విచ్చి వేశాడు. తప్పిన ప్రతి బంతికీ ఆయన అరుపు గదిలో ఉరిమేది. ఆయనకు కోపం డైరెక్టర్ మీద. పడుతున్నది పిల్ల మీద. అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అన్నారా!

గురువారం సాయంత్రం డెబ్భై నాలుగు.

మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకుని మూడు రోజుల్లో మొదటిసారి నవ్వాడు. అప్పుడే క్యాంటీన్ పని ముగించుకుని వంటాయన వచ్చాడు. ఆయన బ్యాటు పట్టుకునే తీరు గరిటె పట్టుకున్నట్టే ఉంటుంది. కొట్టేది తక్కువ, కలిపేది ఎక్కువ. ఏడాదిగా దోమ చేతిలో వారానికి మూడుసార్లు ఓడుతున్నాడు. అదే తన వ్యాయామం అంటాడు.

"ఏం బోగీ బావా, ఆ చిమ్నీ ఏమిటి? నా వంటగదికి పెట్టమంటే పెట్టవు గానీ. దా దోమమ్మా, ఒక్క గేము. ఓడించి పంపు, ఇంటికెళ్తా."

పదకొండు పాయింట్ల గేము. వంటాయన మొదటి సర్వీసు వేశాడు, ఎప్పట్లాగే మణికట్టు లోపలికి తిప్పి. దోమ బొమ్మలోలా మోచేయి బిగించి నిలబడింది. బంతి ఆమెకు అడుగు దూరంలోంచి వెళ్లిపోయింది. రెండోది, అలాగే. మూడోది తాకింది, నెట్టులో పడింది. వంటాయన మొదట మురిశాడు. ఆరు-రెండు దగ్గర తికమకపడ్డాడు. తొమ్మిది-మూడు దగ్గర కావాలని మెత్తగా వేశాడు. అదీ తప్పింది.

పదకొండు-నాలుగు.

వంటాయన బ్యాటు బల్ల మీద పెట్టేశాడు, కాలిన మూకుడు పట్టుకున్నట్టు. "నేను గెలిచానేమిటి? బావా, దీనికేమైంది? ఒంట్లో బాగాలేదా?"

"చూడు! చేతిని చూసి ఆడు!" మాస్టారు అరిచాడు. "ఆయన మణికట్టు తిప్పడం కనబడ్డం లేదా?"

దోమ బ్యాటు నేలకేసి కొట్టింది. మూడేళ్లలో ఆ గదిలో అలా ఎవరూ కొట్టలేదు.

"మీరేగా చూడొద్దన్నారు! మూడు రోజులనుంచి చూడొద్దు, చూడొద్దు, గొట్టం చూడు అని చెవి కోసిన మేకలా అరిచింది మీరేగా! ఇప్పుడు ఎటు చూడాలో నాకు తెలియడం లేదు. గొట్టం చూడాలా, మనిషిని చూడాలా? మీకే తెలియాలి. చెప్పండి!"

తలుపు దగ్గర దగ్గు వినబడింది. దోమ వాళ్లమ్మ, షిఫ్టు అయ్యాక కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చి ఎంతసేపటినుంచి నిలబడిందో. ఆవిడ భుజం మీద ఇంకా దారం పోగులున్నాయి.

"అన్నయ్యా, ఒక్క మాట అననా?" అంది. ఆవిడ మామూలుగా ఏ మాటా అనదు. "నన్ను ఫ్యాక్టరీలో పెట్టుకున్నప్పుడు మూడు రోజులు కాగితం మీద కుట్టించారు. దారం కూడా లేకుండా. గీత మీద గీత, బ్రహ్మాండంగా వచ్చింది. సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు. నాలుగో రోజు గుడ్డ ఇచ్చారు. కాగితం సాగదు, జారదు, ముడత పడదు. గుడ్డ అవన్నీ చేస్తుంది. నా చేతులు కాగితం చేతులైపోయాయి అన్నయ్యా. గుడ్డను పట్టుకోవడం మళ్లీ మొదటినుంచి నేర్చుకోవడానికి నెల పట్టింది. వేలికి రెండుసార్లు సూది దిగింది." కూతురి వాచిన మణికట్టు అందుకుని గుడ్డ విప్పి మళ్లీ కట్టింది. "సీటు వస్తే వస్తుంది, లేకపోతే నా పక్కన స్టూలుంది. కానీ దీనికి వచ్చిన పని ఇదొక్కటే. అది మాత్రం పోగొట్టి పంపకండి."

మాస్టారు గోడ మీది సుద్ద అంకెలు చూశాడు. నలభై ఆరు, అరవై ఒకటి, డెబ్భై నాలుగు. తన చేతిరాతే. డైరెక్టర్ రాసినట్టే ఉంది. మూడు రోజులుగా ఎవరి మీద పళ్లు నూరుతున్నాడో వాడు ఈ గదిలోనే, తన చెప్పుల్లోనే నిలబడి ఉన్నాడు.

ఆయన బ్లోయరు తీగ లాగేశాడు. గొట్టం విప్పి, మోకాలికి ఆనించి విరిచి మూలన పారేశాడు. ఇటుక తెచ్చి బల్ల కాలు కింద పెట్టాడు. ఫ్యాను వేశాడు.

"వంటాయనా, ఇంటికెళ్లే పనేం లేదు. చెల్లెమ్మా, నువ్వూ ఒక బ్యాటు తీసుకో."

"నాకు రాదు అన్నయ్యా!"

"రాకపోతే మరీ మంచిది. బంతి ఎటు పోతుందో నీకే తెలియదు. అది తెలుసుకోవడమే దీని పని."

చీకటి పడేవరకూ ముగ్గురూ మార్చి మార్చి ఆ పిల్లతో ఆడారు. చివరి గేములో వంటాయన తొమ్మిది-పదకొండుతో ఓడాడు. "అమ్మయ్య," అన్నాడు. మాస్టారికి మాత్రం అమ్మయ్య అనిపించలేదు. పోయిన వారం దాకా ఉన్న దోమ మీద వంటాయన ఎప్పుడూ అయిదు దాటలేదు.

*

శుక్రవారం వరండాలో కోచ్‌లూ తల్లిదండ్రులూ బెంచీల మీద కూర్చున్నారు. అద్దానికి కాగితం. లోపల ఏం జరుగుతోందో కనబడదు, వినబడుతుంది. చూడ్డానికి వీల్లేదన్నారు గానీ బోగీ మాస్టారి చెవులకు కాగితం అంటించలేదు.

ముందు అకాడమీ అమ్మాయిలు. టక్, టక్, టక్. సెకనున్నరకొకటి, గడియారంలా. అలా కొంతసేపు. తర్వాత మోటారు ఒకసారి మూలిగింది. అర నిమిషం నిశ్శబ్దం. మళ్లీ మొదలైంది. కానీ ఈసారి టక్, టక్... టక్. టకటక్... టక్.

మాస్టారు తల పక్కకు వంచాడు.

రెండో అమ్మాయికీ అంతే. మూడో అమ్మాయికి ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. అరవై బంతులవరకూ ఒక లయ. అరవై తర్వాత మూలుగు, నిశ్శబ్దం, ఇంకో లయ. ముప్ఫై ఏళ్లుగా మోటార్లు విన్న చెవి. బంతులు అందించే ఫీడరు వేడెక్కి పట్టేస్తోంది. మరి ఆ తర్వాత వచ్చే బంతులు? ఏ మోటారూ అలా తడుముకోదు, అలా తొందరపడదు, అలా ఒక బంతికీ ఇంకో బంతికీ మధ్య ఊపిరి తీసుకోదు. అది మోటారు కాదు, మణికట్టు. లోపల ఎవరో మనిషి బంతులు కొడుతున్నాడు.

తెల్ల బూట్ల అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. వాళ్ల కోచ్ "చివర్లో ఏమైంది?" అంటే తల అడ్డంగా ఊపింది.

ఆఖరున దోమను పిలిచారు. మాస్టారు లేచి కాగితం అంటించిన అద్దానికి చెవి ఆనించాడు. మొదటి అరవై బంతుల్లో తిరుగు చప్పుడు కొన్నిసార్లు వచ్చింది, కొన్నిసార్లు రాలేదు. మోటారు మూలిగింది. నిశ్శబ్దం. తర్వాత టక్-టిక్. టక్... టిక్. టకటక్-టిక్. ప్రతి ప్రశ్నకూ జవాబు. లోపల ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టుంది.



అందర్నీ లోపలికి పిలిచారు. డైరెక్టర్ గోడ మీద తెర దించి ఆరు గీతలు చూపించాడు. అయిదు గీతలు ఎత్తులో నడిచి నడిచి, చివర్లో కొండమీదనుంచి పడ్డట్టు పడ్డాయి. ఆరోది మధ్యలో నడిచి, చివర్లో పైకి లేచింది.

"అయిదుగురూ అరవై బంతుల తర్వాత అలసిపోయారు. ఓపిక సమస్య. ఈ ఒక్క అమ్మాయి అలసిపోకపోగా ఇంకా మెరుగుపడింది. డెబ్భై తొమ్మిది. రెండో స్థానం అరవై రెండు. సీటు ఈ అమ్మాయికే!" చప్పట్లు పడ్డాయి. వంటాయనవి అందరికన్నా గట్టివి. డైరెక్టర్ చెయ్యి ఎత్తాడు. "ఇంకో సంతోషకరమైన విషయం. వీళ్ల మాస్టారు సోమవారం నా మీద అరిచారు. అరిచి ఊరుకోలేదు, వెళ్లి సొంతంగా మిషన్ చేసుకుని మూడు రోజులు సాధన చేయించారని తెలిసింది. ముప్ఫై ఎనిమిదినుంచి డెబ్భై తొమ్మిది! ఇంతకన్నా రుజువేం కావాలి? వచ్చే నెలనుంచి అన్ని క్లబ్బు గదుల్లోనూ వారానికి అయిదు రోజులు మిషన్ సాధన, ఒక్కరోజే ఆట. ఆర్డరు రేపే పంపిస్తాను."

బోగీ మాస్టారి గొంతులోకి కోపం వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. నోరు తెరిస్తే సీటు పోతుంది. ఆ చివరి నలభై మిషన్ బంతులు కావని తేలితే మొత్తం గీత చెరిపేస్తారు. ఫ్యాక్టరీలో స్టూలు కళ్ల ముందు కదిలింది. ఊరందరి మీదా అరిచిన నోరు, ఎందుకూ కొరగాని వేళల్లో ఉరిమిన నోరు, అరవాల్సిన ఒకే ఒక్క క్షణంలో మూసుకుపోయింది.

"సార్," అంది దోమ. "చివరి నలభై మిషన్ వెయ్యలేదు."

"ఏమిటీ?"

"ఆయన వేశారు. బ్యాటుతో."

అందరి తలలూ మెకానిక్ వైపు తిరిగాయి. ఆయన భుజం మీది నూనె గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. చేతులకు మరకేం లేదు.

"పొద్దునే చెప్పాను సార్, ఫీడరు వేడెక్కి అరవైకల్లా పట్టేస్తోందని. మీరు ఫోన్లో ఉన్నారు. షెడ్యూల్ ఆగడానికి వీల్లేదు, ఎలాగోలా నడిపించు అన్నారు. మిషన్ నడవలేదు, నేను నడిపించాను. డబ్బా వెనక నిలబడి బ్యాటుతో కొట్టాను. చెక్క అడ్డు ఉంది కదా, మీ వైపుకు కనబడదు. కెమెరా బల్లనే చూస్తుంది. పిల్లలు ఇదీ పరీక్షలో భాగమే అనుకున్నట్టున్నారు, ఎవరూ అడగలేదు."

"ఈ అమ్మాయికేనా?" అన్నాడు డైరెక్టర్.

"ఆరుగురికీ సార్. అదే చెయ్యి, అదే బ్యాటు. ఒకళ్లకు ఎక్కువ తక్కువలు చెయ్యలేదు, ఒట్టు. నాకు ఆట రాదు కూడా. ఊరికే ఇటొకటి అటొకటి."

అయిదు గీతలూ ఎక్కడ కూలాయో, ఆరోది ఎక్కడ లేచిందో అందరూ మళ్లీ తెర మీద చూశారు. అలసటకు ఒకటే గడియ ఎలా దొరికిందో ఇప్పుడు తెలిసింది. తెల్ల బూట్ల అమ్మాయి తలెత్తి "నేనేం అలసిపోలేదు. మనిషి వేసే బంతి నేనెప్పుడూ ఆడలేదు," అంది. వాళ్ల కోచ్ నేల చూశాడు.

"అయితే ఆ నలభై చెల్లవు," అన్నాడు డైరెక్టర్ హడావుడిగా మీటలు నొక్కుతూ. "అరవైకే లెక్క. అప్పుడు ఈ అమ్మాయి... నలభై నాలుగు. ఆరో స్థానం."

అంతవరకూ మాట్లాడని తెల్లజుట్టు ఆవిడ చేత్తో మోకాలు పట్టుకుని లేచింది. "ఆ నలభైకి ఎవరెవరికి ఎన్ని?"

"అవి కలుషితమైన..."

"చదవండి."

డైరెక్టర్ చదివాడు. ఎనిమిది. పదకొండు. ఆరు. తొమ్మిది. ఏడు. ఇక దోమది.

"ముప్ఫై అయిదు."

"వచ్చే నెల హాస్టల్ జట్టు పోటీకి వెళ్తుంది," అంది ఆవిడ. "బల్లకు అవతల ఎవరు నిలబడతారు? డబ్బానా, మనిషా?" మార్కుల కాగితం తన వైపు లాక్కుని, మెకానిక్ జేబులోంచి పెన్ను అడిగి తీసుకుంది. "తీసేయాల్సింది ఆ నలభై కాదు. ముందు అరవై." దోమ పేరు కింద గీత గీసి సంతకం పెట్టింది.

దోమ వాళ్లమ్మ ఎవరికీ కనబడకుండా గోడ వైపు తిరిగింది.

డైరెక్టర్ ల్యాప్‌టాప్ సగం మూసి, మూయలేక, మాస్టారి వైపు తిరిగాడు. "అయినా ఒకటి ఒప్పుకోవాలి మాస్టారూ. ముప్ఫై ఎనిమిది వచ్చిన పిల్ల ఇక్కడిదాకా వచ్చిందంటే, మీ మూడు రోజుల మిషన్ సాధన వల్లే కదా?"

హాల్లో అందరూ ఆయన వంక చూశారు. అరుస్తాడని వంటాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. బోగీ మాస్టారు అరవలేదు. అందరికీ వినబడేట్టు, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా చెప్పాడు.

"కాదు సార్. వారం కిందట నలభైకి నలభై కొట్టగలిగిన పిల్ల అది. మూడు రోజులు నేను చెడగొట్టగా మిగిలింది ముప్ఫై అయిదు."